అంగడిలో లేని పీట

“అంగట్లో అన్నీ ఉన్నవి, అల్లుని నోట్లో శని ఉన్నది” అన్న సామెత పుట్టిననాడు అంగడి అంటే ఎంత? నాలుగు గోనెసంచులు, రెండు గంపలు, ఒక తక్కెడ. అంతమాత్రంలోనే ‘అన్నీ’ ఉన్నవని మన పెద్దలు తృప్తి చెందినారు. నేడు హైదరాబాదు నగరానికి పడమట, మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం మీదుగా వ్యాపించిన హైటెక్ సిటీలో ఒక్కొక్క అంగడి ఒక్కొక్క రాజసౌధం. ఒక అంతస్తు నిండా చొక్కాలే. ఒక గోడ నిండా చెప్పులే. మెట్లు వాటంతట అవే పైకి పోతుంటవి. బయట వైశాఖమాసపు ఎండ మండిపోతున్నా లోపల ఎప్పుడూ మార్గశిరమే. నిజంగా అన్నీ ఉన్నవి. అన్నీ ఉన్నచోట లేనిదేమిటో వెదకుటయే ఈ వ్యాసానికి ఉద్దేశం.

ఈ విషయం ఆదివారపు సాహిత్య పుటకు తగినదేనా అని కొందరికి సందేహం కలుగవచ్చును. అంగడి అమరికకూ సాహిత్యానికీ సంబంధమేమి? ఉన్నదని నా మనవి. కావ్యంలో వర్ణన పాఠకుని ఒకచోట నిలుపుతుంది, ఒకచోట నడుపుతుంది, ఒకచోట నిట్టూర్పు విడిపిస్తుంది. నేటి వస్త్రశాలలో, పాదరక్షల శాలలో ప్రతి దీపం, ప్రతి అద్దం, ప్రతి బల్ల కూడా మనిషిని నిలుపుటకు, నడుపుటకు, చివరకు అతని చేతిని జేబులోనికి పంపుటకు కూర్చబడినవే. అదియు ఒక రచనయే. రచన అయిన తరువాత దానిని చదువుట నేర్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది కాకపోదు. మన పిల్లలలో పెక్కుమంది ఆదివారాలు గ్రంథాలయంలో కంటె ఈ అంగళ్లలోనే ఎక్కువ గడుపుతున్నారు. అక్కడ వారికి గురువు లేడు. పాఠం మాత్రం జరుగుతూనే ఉన్నది.

పైగా అంగడి మన సాహిత్యానికి కొత్త కాదు. ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులలో తిరిగి చూచిన వింతలే కావ్యమైనవి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల దండయాత్రలను పక్కకు పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టినారు, ఏ ఆటలాడినారు అన్న సంగతులను శ్రద్ధతో విచారించినారు. తెలుగునకు తొలి సాహిత్య అకాడమి పురస్కారం 1955లో ఆ గ్రంథానికే లభించినది. కట్టిన బట్ట చరిత్ర కాగలిగినప్పుడు, ఆ బట్టను చూపే తీరు మాత్రం చరిత్ర ఎందుకు కాదు?

హైదరాబాదులోనే పాత అంగడి ఎట్లుండేదో జ్ఞప్తికి తెచ్చుకొందము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరాన్ని ముంచివేసినది. ఆ తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చేపట్టిన పనులలో పత్తర్‌గట్టి ఒకటి. చార్మినారు వైపు సాగే ఆ వీథికి ఇరుపక్కల రాతి కమానులు వరుస తీరినవి. అక్కడ వస్త్రవర్తకులు ఎందరున్నా కమాను తీరు మాత్రం ఒక్కటే. ఒక అంగడి పక్క అంగడి కంటె గొంతెత్తి పిలువదు. అందం వీథిది, సరకు వర్తకునిది.

ఆ కాలపు బట్టల కొట్టులో అడుగుపెడితే నేలపై పరుపు, పరుపుపై తెల్లని దుప్పటి. చెప్పులు గడపవద్ద విడిచి, వచ్చినవారు కూర్చుండేవారు. చూపేవాడూ వారి ఎదుటనే కూర్చుండేవాడు. బట్టలు బీరువాలలో మడతలు పెట్టి ఉండేవి. “ఏం కావాలమ్మా? ఎవరి పెళ్లి?” అని అడిగి, జవాబు విని, ఆ తరువాతనే మొదటి చీర మడత విప్పేవారు. అనగా ఆ అంగడి చెవితో ప్రారంభమయ్యేది. కొనేవారి మాట విన్న పిమ్మటనే సరకు కంటబడేది. నేటి అంగడి కంటితో ప్రారంభమవుతున్నది. మనం ఏమి కోరినామో దానికి అక్కరలేదు. ఏమి కోరవలెనో అదే మనకు చూపుతున్నది. ఈ రెండింటి మధ్యగల భేదమే ఈ విషయంలోని మూలసూత్రం.

ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చినది కాదు, మన దగ్గర పుట్టినదీ కాదు. పారిస్ నగరంలోని ‘బాన్ మార్షే’ అనే అంగడిలో 1852లో భాగస్వామిగా చేరిన అరిస్టీడ్ బూసికో బేరం లేని నిర్ణీత ధర, కొన్నా కొనకున్నా లోపలికి వచ్చే స్వేచ్ఛ, నచ్చకపోతే తిరిగి ఇచ్చే వీలు అన్న పద్ధతులను వ్యాపించజేసినాడు. అట్టి అంగళ్లను చూచి ఎమిలీ జోలా 1883లో ఒక నవలనే వ్రాసినాడు. 1909లో లండన్ ఆక్స్‌ఫర్డ్ వీథిలో హారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ తెరిచిన అంగడిలో, తలుపులు మూసిన తరువాత కూడా గాజుకిటికీలలో దీపాలు వెలుగుతూనే ఉండేవి. అంగడి నిద్రపోయినా కిటికీ నిద్రపోరాదని ఆయన సిద్ధాంతం. 1956లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, వియన్నా నుండి వలస వచ్చిన విక్టర్ గ్రూయెన్ అనే వాస్తుశిల్పి అంగళ్లన్నింటికీ ఒకే కప్పు వేసి, లోపలి గాలిని యంత్రాలతో అదుపుచేసి ‘సౌత్‌డేల్’ను నిర్మించినాడు. పదిమంది కలిసి మాట్లాడుకొనే ఊరి రచ్చబండ వంటి చోటు కావలెనని ఆయన ఆశ. వ్యాపారులు బండను తీసివేసి రచ్చను మాత్రం ఉంచుకొన్నారు. తన ఊహ పొందిన రూపాన్ని చివరి దశలో ఆయనే ఈసడించుకొన్నాడు. విధి వైచిత్రి ఏమంటే, కొనవలసిన వస్తువు మరచి మనిషి దారితప్పి తిరుగాడే మనఃస్థితికి నేటి వాణిజ్యశాస్త్రంలో ఆయన పేరే స్థిరపడినది.

మన దగ్గర ఈ మార్పు ఎంత వేగంగా వచ్చినదో తేదీలే చెప్పగలవు. 1992లో మాదాపూర్‌లో చేతిపనివారి కొరకు శిల్పారామం ఏర్పడినప్పుడు చుట్టూ బండరాళ్లు, పొదలు, దుర్గం చెరువు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించినారు. బొంబాయి అంధేరీలో 1991లో ప్రారంభమైన షాపర్స్ స్టాప్ వంటి పెద్ద వస్త్రశాలలకు ఆశ్రయమిస్తూ 2009లో దుర్గం చెరువు సమీపాన ఇనార్బిట్ మాల్ వెలసినది. 2018 ఆగస్టు 9న స్వీడన్ దేశపు ఐకియా సంస్థ భారతదేశంలోని తన తొలి అంగడిని, సుమారు 4 లక్షల చదరపు అడుగుల విస్తీర్ణంతో, ఇక్కడనే తెరిచినది. కొండాపూర్‌లో శరత్ సిటీ క్యాపిటల్ మాల్ లేచినది. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడు నవంబరులో రాయదుర్గానికి మెట్రో రైలు వచ్చినది. ఒక పిల్లవాడు పుట్టి, పెరిగి, ఉద్యోగంలో చేరేలోపల బండరాళ్ల గుట్టలు అద్దాల మేడలైనవి.

ఇక అట్టి మేడలో ఒక వస్త్రశాలను గడప నుండి చదువుదము.

మొదటిది గాజుకిటికీ. అందులో బొమ్మలు నిలిచి ఉంటవి. వాటిలో కొన్నింటికి తల ఉండదు. ఉన్నా ముఖంలో కనుముక్కు తీరు ఉండదు. ముఖం లేకపోవుట లోపం కాదు, ఉపాయం. ఆ ఖాళీలో చూచేవాడు తన ముఖాన్నే ఉంచుకొంటాడు. కాని ఆ బొమ్మ ఎత్తు, నడుము, కాలి పొడుగు ఏ దేశానివో మన బడిపిల్లలను పక్కన నిలిపి చూస్తే తెలుస్తుంది. ప్రపంచమంతటా అంగళ్లు గల ‘జారా’ సంస్థ వారికి స్పెయిన్ దేశంలోని ఆర్తెయిషో అనే ఊరిలోగల ప్రధాన కార్యాలయంలోనే నమూనా అంగళ్లు ఉన్నవి. కిటికీ ఎట్లుండవలెనో అక్కడ కూర్చి, సరిచూచి, లోకంలోని తమ అంగళ్లన్నింటికీ ఆ తీరునే పంపుతారు. వారు ప్రకటనలకై వెచ్చించేది బహుస్వల్పం. కిటికీయే వారి ప్రకటన. ఇట్టి పద్ధతివల్ల ఒక వింత కలుగుతున్నది. శ్రావణమాసపు ముసురులో, ఉక్కపోతలో, మన కిటికీలలో ఉన్నికోట్లు దర్శనమిస్తవి. ఋతువులు కూడా దిగుమతి అవుతున్నవి!

గడప దాటిన మొదటి నాలుగైదు అడుగులలో ఏ ముఖ్యమైన వస్తువూ ఉండదు. అంగళ్లలో మనుష్యుల నడకను ఏళ్ల తరబడి పరిశీలించి 1999లో ఒక గ్రంథం ప్రకటించిన పాకో అండర్‌హిల్ అనే అమెరికను ఇందుకు కారణం చెప్పినాడు. వెలుపలి వెలుతురు నుండి లోపలికి వచ్చినవాని కన్ను, కాలు కుదుటపడుటకు కొంత చోటు కావలెను. ఆ చోట పెట్టినది ఎవరికీ కనబడదు. అటుపైన అక్కడివారిలో అధికులు కుడివైపునకే మళ్లుతారని కూడా ఆయన గమనించినాడు. అందుచేతనే కొత్త సరకు తరచుగా ప్రవేశించినవారి కుడిచేతికి అందుతుంది. మనం గుడిలో దేవుని కుడివైపున ఉంచుకొని ఎడమనుండి ప్రదక్షిణం మొదలుపెడతాము. అంగడిలో నడక దానికి సరిగా ఎదురు. అయితే రెండింటా ఒక పోలిక కలదు. రెండు చోట్లా దారి ముందే నిర్ణయమై ఉన్నది. నడిచేవాడు మాత్రం తన ఇష్టంతోనే నడుస్తున్నాననుకొంటాడు.

నడిమి బల్లపై చొక్కాలు మడిచిపెట్టి ఉంటవి. అవి తాకుటకు పెట్టినవి. ఒకసారి తాకిన బట్ట సగం మనదైనట్లే మనస్సు భ్రమిస్తుంది. కంటి ఎత్తున లాభం ఎక్కువగల సరకు. మోకాలి ఎత్తున తక్కువ ధరది. తగ్గింపు ధరల బట్టలు అన్నింటికంటె వెనుక గోడవద్ద. అక్కడికి చేరవలెనంటే కొత్త సరకునంతా దాటి పోవలెను. పై అంతస్తుకు చేరిన మెట్లు మరుసటి మెట్ల దగ్గర దింపవు. చుట్టు తిరిగి రమ్మంటవి. కిటికీలు లేని లోపలి గదులలో పొద్దు కుంకినదీ తెలియదు. బట్టలు వేసి చూచుకొనే గదిలో దీపం ఎదుటనుండి మెత్తగా పడేటట్లు అమర్చితే ముఖంలో అలసట కనబడదు. సొమ్ము చెల్లించేచోట వరుసలో నిలిచినవారి చేతికి అందేటట్లు మేజోళ్లు, చేతిరుమాళ్లు. ఇంతకుముందు వేయి రూపాయలు ఖర్చుపెట్టినవానికి నూరు రూపాయలు లెక్కలోనికి రావు.

చెప్పుల అంగడి దీనికి తోబుట్టువు. ఐనా దాని చమత్కారం వేరు. అక్కడ జోడులో ఒక్కటే చూపుతారు. రెండవది లోపలి గదిలో ఉంటుంది. దొంగతనం జరుగకుండా ఇది రక్షణ. అంతకుమించి, రెండవదానిని తెప్పించమని అడుగుటతోనే మనం కొనేదారిలో ఒక అడుగు వేసినవారమవుతాము. చూపుటకు పెట్టినది తరచుగా చిన్న కొలతది. చిన్న పాదం అందంగా కనబడుతుంది. ఒక్కొక్క బూటుపై ఒక్కొక్క దీపం, వస్తుప్రదర్శనశాలలో విగ్రహంపై పడినట్లు. పిల్లల బూట్లు పిల్లల కంటి ఎత్తుననే ఉంటవి. తల్లిదండ్రులకంటె ముందు పిల్లవాడే చూడవలెను. నేలబారుగా ఒక వాలు అద్దం. అందులో పాదాలు తప్ప మిగిలిన మనిషి కనబడడు. ఇక ధర. 999 అన్న అంకెను చూచి మనవారు నేటికీ ‘బాటా రేటు’ అంటారు. 1894లో జ్లీన్ అనే చెక్ పట్టణంలో పుట్టి, 1931లో మన దేశంలో స్థాపితమై, కలకత్తా సమీపాన తన పేరుతో ఒక ఊరినే నిర్మించిన ఆ సంస్థ అంకెలలో ఒక రూపాయి తగ్గించి భాషలో ఒక మాట పెంచినది.

ఇంతవరకు చదివి, “ఇదంతా మోసమే కదా” అని విద్యార్థులు తీర్మానించవచ్చును. తొందరపడరాదు. పాత అంగడిలో అన్నీ మంచివే, కొత్త అంగడిలో అన్నీ చెడ్డవే అనుట ముసలితనపు లక్షణమే కాని విచారణ కాదు. “కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి” అన్న సామెత పాత బజారు నుండియే పుట్టినది. అక్కడ వచ్చినవాని వేషం చూచి ధర చెప్పేవారు. బేరమాడలేని మెత్తనివాడు నష్టపోయేవాడు. తెల్లని దుప్పటిపై అందరూ సమానంగా కూర్చున్నారనుకొనుట కూడా భ్రమయే. గడప ఇవతలనే నిలిచిపోయినవారు పెక్కుమంది.

చెప్పుల విషయంలో ఈ మాట మరింత నిజం. తెలంగాణపు పల్లెలలో దొరల గడీల ఎదుట చెప్పులు తొడుక్కొని నడువరాదన్న కట్టుబాటు చాలకాలం నిలిచినది. చెప్పులు చేతబట్టుకొనో, చంకన పెట్టుకొనో ఆ గడప దాటి పోయినవారి మనుమలే నేడు ఈ అద్దాల మేడలలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ చెప్పులను కుట్టినవారికే అవి తొడిగే హక్కు లేకుండెను. అట్టివారి సంతానం నేడు మెత్తని బల్లపై కూర్చుండి కాలు చాపితే, అంగడి మనిషి వంగి బూటు తొడుగుతున్నాడు. “ఎవరి వాడవు?” అని అడుగడు, “ఏ నంబరు సార్?” అని మాత్రమే అడుగుతాడు. పాదానికి కులం లేదు, కొలత మాత్రమే ఉన్నదని మన సంఘంలో ఆచరణలో చూపినది ఈ వ్యాపారమే అంటే అతిశయోక్తి కాదు. ఇది చిన్న మేలు కాదు. దీనిని మరచి విమర్శించుట కృతఘ్నత.

అయితే లోపమెక్కడ? అందాన్ని చూపుటలో లోపం లేదు. దాచినదానిలో ఉన్నది. ఈ అంగడి రెండు విషయాలను దాచుతున్నది. మొదటిది చేసిన చేయి. రెండవది నిలిచిన కాలు.

హైదరాబాదుకు ఒక్క పూట ప్రయాణంలో పోచంపల్లి ఉన్నది. 1951 ఏప్రిల్ 18న వినోబాభావేకు తొలి భూదానం లభించిన ఊరది. అక్కడి నేతలో బట్ట నేసిన తరువాత రంగులు వేయరు. నేయక ముందే నూలును కొలిచి, ముడులు కట్టి, రంగులో ముంచి, మరల కట్టి, మరల ముంచుతారు. మగ్గంపై ఆ పోగులు కలిసినప్పుడు గాని చిత్రం బయటపడదు. చిత్రమంతా నేసేవాని తలలో ముందే ఉండవలెను. ఇంతటి లెక్క గల విద్యకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినంగా జరుపుకొంటున్నాము. ఆ చీర అంగడికి వచ్చినప్పుడు దానిపై అంగడి పేరు ఉంటుంది, ధర ఉంటుంది, ఉదుకు సూచనలు ఉంటవి. నేసినవాని పేరు మాత్రం సాధారణంగా ఉండదు. పదమూడవ శతాబ్దంలో మార్కోపోలో మోటుపల్లి సీమ బట్టలను సాలెగూడుతో పోల్చి మెచ్చుకొన్నాడు. ఆయన కూడా సాలెవాని పేరు వ్రాసుకోలేదు. ఏడువందల ఏండ్లు గడిచినా మన అలవాటు మారలేదు. నవలపై రచయిత పేరు లేకపోతే ఈ పుట చదివేవారు ఊరకుందురా? చీర విషయంలో ఎందుకు ఊరకున్నాము?

హైటెక్ సిటీ నడుమనే శిల్పారామం ఉన్నది కనుక దీనికి సాటి వెదకుటకు దూరం పోనక్కరలేదు. అక్కడి కొట్లలో దీపాల చమత్కారం లేదు, చల్లని గాలి లేదు. కాని “ఇది ఎన్ని రోజుల పని?” అని అడిగితే జవాబు చెప్పగలవారు పెక్కు కొట్లలో ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాత చీర ధర ఎక్కువగా కనబడదు. గాజుమేడలో ఆ ప్రశ్న అడుగుటకే చోటు లేదు. వెలుతురునంతా వస్తువుపైననే పోసినారు. వస్తువు వెనుక చీకటి.

ఇక నిలిచిన కాలు. కొద్దినెలల క్రిందట కొండాపూర్ వైపు ఒక పాదరక్షల అంగడికి పోయినాను. ఇరువది ఏండ్లు దాటీ దాటని అమ్మాయి ఒకతె నా ఎదుట వంగి, నా పాదం కొలత చూచి, “సార్, మీరు ఇన్నాళ్లు ఒక నంబరు చిన్నది తొడుగుతున్నరు. అందుకే కరుస్తున్నది” అని చెప్పినది. నిజమే. అరువది ఏండ్లుగా నాకు తెలియని సంగతి ఆమె అరనిమిషంలో తెలుసుకొన్నది. డబ్బు చెల్లిస్తూ, “ఎప్పటినుంచి నిలుచున్నావమ్మా?” అని అడిగినాను.

“పొద్దున పదిన్నర నుంచి సార్. రాత్రి తొమ్మిదిన్నర దాకా. తినేటప్పుడు కూసుంటం.”

“ఇక్కడ ఇన్ని బల్లలున్నవి కదా?”

“అవి కస్టమర్లకు సార్.” కొంచెం నవ్వి, గొంతు తగ్గించి, “సాయంత్రానికి కాళ్లు వాస్తయి. అందుకే మేమందరం ఒక నంబరు పెద్ద బూట్లు తొడుక్కుంటం” అన్నది.

ఊరందరి పాదాలకు సరియైన కొలత చెప్పే అమ్మాయి తన పాదానికి సరిపడని బూట్లు తొడుగుకొని దినమంతా నిలుచున్నది. ఈ మాట నన్ను చాలదూరం వెంబడించినది. ఆ అంగడిలో ఏ దీపం ఎంత వెలుగవలెనో, ఏ బల్ల ఎంత ఎత్తుండవలెనో, పిల్లవాని కన్ను ఎక్కడ పడునో లెక్కగట్టిన బుద్ధిమంతులు, ఒక చిన్న పీటకు చోటు లెక్కగట్టలేకపోయినారా? లెక్కగట్టలేదనుట సరికాదు. పీట ఉండకూడదనియే లెక్కగట్టినారు.

ఇది మన నగరపు దోషం మాత్రమే కాదు. కేరళలో కోళిక్కోడ్ మిఠాయి వీథి ప్రాంతపు అంగళ్లలో పనిచేసే స్త్రీలు, విజి అనే దర్జీ స్త్రీ నాయకత్వాన, ‘పెన్‌కూట్టు’ అనే సంఘంగా ఏర్పడి, కూర్చుండే హక్కు కావలెనని ఏళ్ల తరబడి అడిగినారు. తత్ఫలితంగా కేరళ ప్రభుత్వం 2018లో అంగళ్ల చట్టాన్ని సవరించి, పనివారికి ఆసనం కల్పించవలెనని విధించినది. 2021లో తమిళనాడు అదే బాట పట్టినది. వినుటకు వింతగా తోచే హక్కు, కూర్చుండుటకు చట్టమా! కాని చట్టం లేనిచోట ఏమి జరుగుతున్నదో ఆ అమ్మాయి చెప్పనే చెప్పినది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో కూడా ప్రతి అంగడిలో ఆ పీట కంటికి కనబడవలెను.

దీనికి వ్యాపారులు చెప్పే సమాధానం ఒకటి కలదు. పనివారు కూర్చుండి ఉంటే అంగడి సోమరిగా కనబడుతుందట; వచ్చినవారికి మర్యాద తక్కువైనట్లు తోచునట. ఈ వాదాన్ని ఉపాధ్యాయ పాఠకులకే విడిచిపెడుతున్నాను. తరగతిగదిలో మీకు ఒక కుర్చీ ఉన్నది. అది ఉన్నందున పాఠం ఆగినదా? పిల్లలకు మీపై గౌరవం తగ్గినదా? నిలువవలసినప్పుడు నిలుస్తారు, కూర్చుండవలసినప్పుడు కూర్చుంటారు. పత్తర్‌గట్టి వర్తకుడు పరుపుపై కూర్చుండియే చీరలు అమ్మినాడు. అతనిని ఎవరూ సోమరి అనలేదు. మర్యాద అనేది ఎదుటివాడు నిలిచి ఉండుటలో ఉన్నదనే భావం ఎక్కడిది? అది గడీ నుండి వచ్చినది. చెప్పులు చేతబట్టుకొని పొమ్మన్న భావమూ, కూర్చుండక నిలిచి ఉండుమన్న భావమూ ఒక్క చెట్టు కాయలే. ఆ చెట్టును పల్లెలో నరికి, నగరంలో గాజుకుండీలో నాటుకొన్నాము. చేసిన మేలునకు ఈ వ్యాపారాన్ని ఎంత మెచ్చుకొన్నానో, ఈ ఒక్కదానికి అంత నొచ్చుకొంటున్నాను.

ఉపాధ్యాయులకు ఒక సూచన చేసి ముగిస్తాను. విద్యార్థులను ఒక్క ఆదివారం ఇట్టి అంగడికి పర్సు లేకుండ, నోటుపుస్తకంతో పొమ్మనండి. గడప నుండి సొమ్ము చెల్లించేచోటి వరకు దారిని పటంగా గీయమనండి. తమ కాలు ఎక్కడ ఆగినదో, చేయి ఎక్కడ చాచినదో, అక్కడ ఏ దీపం ఉన్నదో గుర్తుపెట్టుకొనమనండి. లోపలికి పోయినప్పుడు ఏమి కావలెననుకొన్నారో, బయటికి వచ్చినప్పుడు ఏమి కావలెననిపించినదో రెండు వాక్యాలలో వ్రాయమనండి. ఒక చీరను లేక చొక్కాను చూచి, దానిని చేసినవారి సంగతి ఎంతవరకు తెలియగలదో పరీక్షించమనండి. పనివారు కూర్చుండుటకు ఏమున్నదో చూడమనండి. మరుసటి ఆదివారం శిల్పారామానికి పోయి ఈ ప్రశ్నలనే మరల అడుగమనండి. ఈ రెండు నోటుపుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివిన తరగతికి అర్థశాస్త్రం, సాంఘికశాస్త్రం, వ్యాసరచన మూడును ఒక్కసారియే ఒంటబట్టగలవు. ఇట్టి చదువు నేర్చిన పిల్లవాడు అంగడికి పోవుట మానడు. మానవలసిన పనియు లేదు. కాని ఇక ముందు అంగడి అతనిని చదువుటతో పాటు అతడు కూడా అంగడిని చదువగలడు.

నేను కూడా ఆ మరునాడు అదే అంగడికి తిరిగి పోయినాను. కొన్నది మార్చుకొనుటకు కాదు. బూట్లు చక్కగా సరిపోయినవి. అక్కడి పెద్దను పిలిచి, “మీ పనివారికి ఒక పీట వేయించండి” అని అడుగుటకు పోయినాను. ఆయన మర్యాదగానే విన్నాడు. “సార్, ఈ మాట ఇంతవరకు కొనేవారెవరూ అడుగలేదు” అన్నాడు.

ఆ వాక్యంలో తప్పు ఎవరిదో పాఠకులు నిర్ణయింతురు గాక. నావరకు, ఆ అంగడిలో లేని పీటకు కారణమైనవారి పట్టికలో నా పేరు కూడ చేర్చుకొన్నాను. అరువది ఏండ్లుగా ఎన్ని అంగళ్లలో కూర్చుండి కాలు చాపితిని! ఎదుట వంగినవారు ఎక్కడ కూర్చుందురని ఒక్కసారియు అడుగనైతిని.